నిచ్చెన మధ్యలో

నన్ను "అన్నా" అని పిలిచినవాణ్ణే నేను పెళ్లి చేసుకున్నాను. ఈ మాట అనగానే వినేవాళ్ల కళ్లు పెద్దవవుతాయి. అవి ఇంకాస్త పెద్దవయ్యేదాకా ఆగి, అప్పుడు అసలు సంగతి చెబుతాను. ఆ ఆగడంలో భలే సరదా ఉంది.

అసలు సంగతి ఇదీ. అప్పటికి నేను కాగితం మిల్లు గోదాములో క్రేన్ నడపడం నేర్చుకుంటున్నాను. రోడ్ల మీద కనబడే క్రేన్ కాదు. గోదాము కప్పు కింద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక పెద్ద ఇనుప దూలం ఉంటుంది. గోడల మీది పట్టాల పైన అది రైలులాగా ముందుకూ వెనక్కూ పోతుంది. దానికి ఒక చివర గాజు కేబిన్ వేలాడుతూ ఉంటుంది. కేబిన్‌లో ఒక కుర్చీ, కుర్చీకి రెండు పక్కలా లీవర్లు. అక్కడ కూర్చుని, మనిషికంటే ఎత్తుండే కాగితం చుట్టలను కొక్కెంతో లేపి లారీల్లోకి దించాలి. పైనుంచి చూస్తే కిందివాళ్లకు మొహాలుండవు, టోపీలే ఉంటాయి. కిందినుంచి చూసేవాళ్లకు టోపీ కూడా కనబడదు, గాజు మీద వెలుగు తప్ప.

ఒకరోజు మిల్లు ఆఫీసు గోదాములోనే ఉన్న పై గదుల్లోంచి కిందికి మారింది. సామాన్లు మోసేవాళ్లను పిలిపించారు. ఒక ఉక్కు బీరువా మెట్ల మలుపు దగ్గర ఇరుక్కుని, దిగనంటే దిగనని మొండికేసింది. క్రేన్‌తో దించమన్నారు. నేను మెల్లగా దించుతుంటే కింద ఒక ఎర్ర టోపీ గట్టిగా అరుస్తోంది.

"పైనున్న అన్నా! కాస్త ఎడమకి! ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ! అబ్బ, నీ చెయ్యి బంగారం అన్నా!"

టీ వేళకి కిందికి దిగాను. చంకకర్ర అందుకుని వెళ్లి, "ఆ బంగారం చెయ్యి నాదేనండి" అన్నాను. ఎర్ర టోపీ నోరు తెరుచుకుంది. చేతిలో టీ సగం చొక్కా మీద పడింది. ఆ మరక ఇప్పటికీ పోలేదు. ఇప్పుడా చొక్కా ఉతికేది నేనే కాబట్టి నాకు బాగా తెలుసు.

నా ఎడమ కాలు చిన్నప్పుడు వచ్చిన జ్వరంలోనే సన్నబడిపోయింది. మడమ నుంచి తొడ దాకా కాలిపర్ వేసుకుంటాను. రెండు ఇనుప కడ్డీలు, నాలుగు తోలు పట్టీలు. నడుస్తుంటే టక్కుమంటూ చప్పుడవుతుంది. నాకు మెట్లంటే చిరాకు. నిచ్చెనంటే ఇష్టం. మెట్లు కాళ్లున్నవాళ్ల కోసం కట్టినవి. నిచ్చెన చేతులున్నవాళ్లది. కుడి కాలు ఒక మెట్టు మీద పెట్టి, రెండు చేతులతో ఒళ్లంతా పైకి లాక్కుంటే, ఎడమ కాలు పిలవని చుట్టంలా వెనకాలే వచ్చేస్తుంది. పైకెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాక ఇంక కాలి ఊసే ఉండదు. గోదాములో అందరికంటే ఎక్కువ దూరం తిరిగేది నేనే. కూర్చున్నచోటు నుంచి కదలకుండా!

కాలేజీలో చదువుతున్నప్పుడు మమ్మల్ని ఇలాంటి గోదాము ఒకటి చూపించడానికి తీసుకెళ్లారు. మిగతావాళ్లు యంత్రాలు చూశారు. నేను ఆ కేబిన్ చూశాను. ఆ రోజే నిర్ణయించుకున్నాను. అమ్మ నవ్వింది, ఆ తర్వాత తిట్టింది, ఆ తర్వాత అలవాటు పడిపోయింది. నేను రోజూ గది గుమ్మానికి వేలాడి చేతులు గట్టిచేసుకుంటుంటే కింద నుంచి అనేది, "ఒసేయ్, ఆ తలుపు చట్రం ఊడొస్తే రేపు అల్లుడొచ్చి ఎక్కణ్ణుంచి లోపలికొస్తాడే?"

"కిటికీలోంచి వస్తాడులే అమ్మా."

"కిటికీలోంచి వచ్చేవాడు అల్లుడు కాదే, దొంగ."

ఏళ్ల తరబడి అలా వేలాడాను. మిల్లులో శిక్షణకు తీసుకున్నప్పుడు సేఫ్టీ చూసే మేడం నా కాలిపర్ వంక చూడనైనా చూడలేదు. "నీ కాలుతో నాకు పనిలేదమ్మా. ఎక్కడం, దిగడం చూపించు చాలు" అంది. ఆ ఒక్క మాటకే ఆమెకు జీవితాంతం దణ్ణం పెట్టుకోవచ్చు. క్రేన్ మాస్టారు నాకు పని నేర్పారు. జుట్టంతా తెల్లబడినా చేతులు మాత్రం కుర్రవాడి చేతులు ఆయనవి. చుట్ట ఊగితే దాన్ని వెనక్కి లాగకూడదట. అది ఎటు పోతే దాని వెంటే వెళ్లి, సరిగ్గా దాని నెత్తిన నిలబడాలట. "కోపంలో ఉన్నవాళ్లతో ఎలా ఉంటావో అలాగే ఉండమ్మా. ఎదురెళ్లకు, వెంట వెళ్లు" అనేవారు. ఒకసారి కుదిరిందంటే ఆ పెద్ద చుట్ట పసిపాపలాగా గమ్మునైపోయేది. నాకు పైన కూర్చునే ఈల వేయాలనిపించేది. వేసేదాన్ని కూడా.

మాస్టారు ఆ ఏడాది రిటైరవుతున్నారు. ఆ కుర్చీ నాకు రావాలంటే ఒక పరీక్ష నెగ్గాలి. ఎవరి చెయ్యీ తగలకుండా నిచ్చెన ఎక్కాలి. ఒక చుట్ట లేపి లారీలో పెట్టాలి. మళ్లీ ఎవరి చెయ్యీ తగలకుండా దిగాలి. రూలు కఠినమని నేనెప్పుడూ అనుకోలేదు. కరెంటు పోయి క్రేన్ ఆగిపోతే, కింద పొగ కమ్ముకుంటే, పైనున్న మనిషి తనంతట తాను దిగిరావాలి. అక్కడికి ఎవరు ఎక్కొచ్చి దించుతారు?

ఏటా యంత్రాల మరమ్మతు కోసం మిల్లు కొంతకాలం మూస్తారు, ఈసారి రెండు నెలలు. తెరిచిన రోజే నా పరీక్ష అన్నారు. ఆ మధ్యలోనే మా పెళ్లయింది.

ఇక్కడ కాస్త మా ఇంటి సంగతి చెప్పాలి. ఎంత ముద్దుగా ఉంటుందో చెప్పకుండా ఉండలేను. మూడో అంతస్తులో ఒక గది, ఒక వంటగది. లిఫ్టు లేదు. మొదటిరోజు మెట్ల కింద నిలబడి పైకి చూసి నేను నిట్టూర్చేలోపే, మా ఆయన నా ముందు వెనక్కి తిరిగి వంగి కూర్చున్నాడు.

"ఏం అన్నగారూ, బండి ఎక్కుతారా?"

అప్పటినుంచీ నా పేరు అన్నగారే. బీరువాలూ ఫ్రిజ్‌లూ వీపు మీద మోసే మనిషి ఆయన. భుజాల మీంచి వేసుకునే వెడల్పాటి పట్టీ ఒకటుంది. దానితో నన్ను వీపుకు కట్టుకుంటే నా బరువు ఆయనకు లెక్కే కాదు. మలుపు మలుపుకీ మెట్ల కిటికీలోంచి ఎదురింటి డాబా కనబడేది. అక్కడొక తెల్లపిల్లి, పూలు లేని పూలకుండీలు. నేను ఆయన చెవిలో అవన్నీ వర్ణించేదాన్ని. రెండో అంతస్తు పిన్నిగారు తలుపు తీసి మరీ చూసేవారు.

"కొత్త పెళ్లాన్ని మోస్తున్నావా నాయనా, సిమెంటు బస్తానా?"

"బస్తా అయితే ఇన్ని కబుర్లు చెప్పదు కదా పిన్నిగారూ!"

నవ్వుకుంటూ పైకి చేరేవాళ్లం. పైకి చేరాక కూడా ఆయన నన్ను వెంటనే దించేవాడు కాదు. గదంతా ఒక చుట్టు తిప్పి, "ఈ సామాను ఎక్కడ పెట్టమంటారు మేడం?" అని అడిగేవాడు. కిటికీ దగ్గర అనేదాన్ని. మంచం మీద అనేదాన్ని. ఒకసారి ఫ్రిజ్ పైన అన్నాను. పెట్టేశాడు కూడా!

ఏ ఆఫీసు ఖాళీ చేసినప్పుడో వాళ్లు పారేస్తామన్న చక్రాల కుర్చీ ఒకటి తెచ్చాడు. గుండ్రంగా తిరిగే ఆఫీసు కుర్చీ. నన్ను అందులో కూర్చోబెట్టి వంటగదికీ, కిటికీకీ తోసేవాడు. టీ మంచం దగ్గరికే వచ్చేది. దువ్వెన చేతికే వచ్చేది. బజారుకెళ్తే జనం చూస్తున్నా సరే వీపు మీదే. పార్కుకెళ్తే వీపు మీదే. "దించు, నడుస్తాను" అని మొదట్లో అన్నాను. "కొత్తలో కాకపోతే ఇంకెప్పుడే?" అనేవాడు. ఆ మాట ఎంత తియ్యగా ఉండేదో! నా బతుకంతా నా దారి నేనే లాక్కుంటూ వచ్చాను. ఎవరైనా చెయ్యి అందిస్తే "అక్కర్లేదండీ" అనడం నాకు నమస్కారం పెట్టినంత అలవాటు. మొదటిసారి ఆ మాట అనకుండా ఉండటం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. చల్లటి నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నట్టుండేది. లేవబుద్ధి కాదు.

నా చేతుల సంగతి ఆయనకు తెలియక కాదు. తెలుసు. వచ్చిన వారంలోనే గుమ్మానికి అడ్డంగా ఒక ఇనుప పైపు బిగించాడు, నేను వేలాడటానికి. నేను వేలాడితే చక్కిలిగింతలు పెట్టేవాడు. నవ్వుతూ వదిలేసేదాన్ని. కింద పట్టుకోవడానికి ఆయనే ఉండేవాడు. ఆ తర్వాత వాన పట్టుకుంది. బట్టలు ఆరేయడానికి చోటు లేక ఆ పైపు మీద ఆయన చొక్కాలు వేశాను. అవి ఆరాయి. వేరేవి వేశాను.

ఒకరోజు జామ్ సీసా మూత రాలేదు. ఎంత తిప్పినా రాలేదు. ఆయనకిచ్చాను. రెండు వేళ్లతో తీసేసి, "ఇదిగో అన్నగారూ" అన్నాడు. ఎంత ముద్దొచ్చాడో. అప్పుడు ఆ ముద్దే చూసుకున్నాను గానీ ఇన్నాళ్లూ మూతలన్నీ తీసింది ఎవరని అడుక్కోలేదు.

మాస్టారు ఫోన్ చేశారు. "చేతులెలా ఉన్నాయమ్మా?"

"బంగారంలా ఉన్నాయి మాస్టారూ!"

"బంగారం మెత్తనమ్మా. మనకి ఇనుము కావాలి."

మా ఆయన పక్కనే ఉన్నాడు. ఫోన్ పెట్టేశాక నా అరచేతులు తిప్పి చూసి, "పాపం, కాయలన్నీ పోయాయి. ఇప్పుడు ఆడపిల్ల చేతుల్లా ఉన్నాయి" అన్నాడు. మురిపెంగా అన్నాడు. నేనూ మురిసిపోయాను.

మిల్లు తెరిచారు. మా ఆయన ఆ రోజు పని మానుకుని నాతో వచ్చాడు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు, పరీక్ష ఆయనదే అన్నట్టు. నేను ఎక్కడం ఆయన ఎప్పుడూ చూడలేదు. పని నడిచేటప్పుడు బయటివాళ్లను గోదాములోకి రానివ్వరు. బీరువా రోజున కూడా ఆయన నన్ను చూసింది కింద టీ దగ్గరే. ఆ రోజు పరీక్షకు పెట్టిన ఒక్క లారీ తప్ప వేరేవి ఇంకా రాలేదు కాబట్టి, పసుపు గీత దాటకుండా నిలబడమని మేడం ఒప్పుకుంది.

గోదాము వాసన ముక్కుకు తగలగానే ప్రాణం లేచొచ్చింది. గ్రీజు, తడి అట్ట, చల్లటి సిమెంటు. కొక్కెం బాబాయ్ ఎదురొచ్చాడు. చుట్టలకు కొక్కెం తగిలించి, చేతి సైగలతో కింది నుంచి నాకు దారి చెప్పేది ఆయనే.

"ఏమ్మా, పెళ్లయ్యాక బుగ్గలొచ్చాయే! క్రేన్ మోస్తుందా నిన్ను?"

"నువ్వు నోరు మూసుకుంటే మోస్తుంది బాబాయ్."

"అల్లుడుగారూ, విన్నారా? ఇదీ వరస. మీకు ఇంట్లో ఎలా ఉంటుందో తల్చుకుంటేనే జాలేస్తోంది."

మా ఆయన సిగ్గుపడుతూ నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. నా నడుముకు బెల్టు బిగించి, దాని గొలుసును నిచ్చెన పక్కనున్న తీగకు తగిలించారు. చెయ్యి జారినా ఆ తీగ పట్టుకుని ఆపేస్తుంది, కిందపడే సమస్యే లేదు. నిచ్చెన నిటారుగా గోడకు ఉంటుంది. దాని చుట్టూ ఇనుప వలయాల పంజరం. చంకకర్ర బాబాయ్ చేతికిచ్చి మొదటి మెట్టు పట్టుకున్నాను.

కింద సగం బాగానే ఎక్కాను. బాగానే అంటే, ఎక్కాను. మామూలుగా అయితే అక్కడికి చేరేసరికి నాకు పాట వచ్చేది. ఆ రోజు ఊపిరి వస్తోంది. ముంజేతుల్లో ఏదో సలసల కాగుతోంది. వేళ్లు మెట్టును పట్టుకుంటున్నాయి గానీ నమ్మకంగా పట్టుకోవట్లేదు. ఇంకో మెట్టు లాక్కున్నాను. ఇంకోటి. అక్కడ ఆగాను.

ఆగడం ఓడిపోవడం కాదు. మాస్టారు నేర్పిన మొదటి పాఠమే అది. చేతులు అలిసిపోతే మోచేతిని మెట్టు లోపలికి దూర్చి, బరువంతా దాని మీద వేసి, తల వంచుకుని ఊపిరి తీసుకోవాలి. వేళ్లు వదులు చేసి దులుపుకోవాలి. మళ్లీ పట్టుకోవాలి. నేను అదే చేశాను. మోచెయ్యి దూర్చాను. తల వంచాను. ఒక చెయ్యి కిందికి వదిలేసి దులిపాను.

కిందనుంచి చూసేవాళ్లకు అదెలా ఉంటుందో నాకు తెలుసు. తల వాలిపోయి, ఒక చెయ్యి వేలాడుతూ, ఒక కాలు గాలిలో. తెలియనివాళ్లు చూస్తే ప్రాణం పోతున్నట్టే ఉంటుంది.

మా ఆయన తెలియనివాడు.

"అయ్యో!" అని ఒక్క కేక వినబడింది. ఆ తర్వాత నిచ్చెన అదిరింది. "బెల్టుంది నాయనా! పడదు! ఆగు! ముట్టుకోకు!" అని బాబాయ్ అరుస్తున్నాడు. మేడం కూడా ఏదో అరిచింది. బీరువాలతో మెట్లెక్కేవాడికి నిచ్చెన ఎంత సేపు? పంజరంలోంచి పాకుతూ వచ్చేశాడు. నేను తల తిప్పి "వద్దు" అనాలి. "వద్దు" అనడానికి నోరు తెరిచాను కూడా.

ఆయన చెయ్యి నా నడుము చుట్టూ పడింది.

నా చేతులు మెట్టును వదిలేశాయి. నేను వదల్లేదు. అవే వదిలేశాయి. మెట్ల కింద ఆయన వంగగానే ఎలా వదిలేసేవో అలాగే, ఎవరినీ అడక్కుండా, హాయిగా. నా తల ఆయన భుజం మీదికి దానంతటదే వాలిపోయింది. ఇస్త్రీ చొక్కా వాసన వచ్చింది.

"నేనున్నాగా. నేనున్నాగా. ఏం కాలేదు" అంటున్నాడు ఆయన.

నన్ను కిందికి దించాడు. మా ఆయన ఒక్కొక్కరి మొహం చూస్తూ, ఏం జరిగిందో కొంచెం కొంచెంగా తెలుసుకున్నాడు. రూలు సంగతి ఆయనకు నేను చెప్పాను. కానీ ప్రాణం పోతోందనుకున్నవాడికి రూలెక్కడ గుర్తుంటుంది?

"మేడం, తప్పు నాది. దానిది కాదు. అది బాగానే ఉందట కదా, ఊరికే ఆగిందట కదా. నన్ను బయటికి పంపించెయ్యండి. మళ్లీ ఎక్కనివ్వండి మేడం."

మేడం చెడ్డది కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డదైతే ఆమె మీద కోపం తెచ్చుకుని బతికేసేదాన్ని. ఆమె నా వైపు తిరిగి, "ఇప్పుడు ఎక్కగలవా అమ్మా? ఎక్కుతానంటే ఇప్పుడే రాసుకుంటాను, ఇందాకటిది లెక్కలోకి తీసుకోను" అంది.

బాబాయ్ నా చంకకర్ర అందించాడు. పట్టుకున్నాను. కర్ర నా చేతిలో దడదడలాడుతూ నేలకేసి కొట్టుకుంటోంది. ఆ చప్పుడు గోదామంతా వినిపించింది. రెండో చేత్తో పట్టుకున్నాను. అదీ అంతే.

"లేదు మేడం" అన్నాను.

మాస్టారు తన తోలు చేతి తొడుగులు తీసి జేబులో పెట్టుకున్నారు. "ఆగినప్పుడు బాగా ఆగావమ్మా. సరిగ్గా నేర్పినట్టే ఆగావు" అని మాత్రం అన్నారు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

లారీలు ఆగవు. మాస్టారు ఆ వారమే వెళ్లిపోవాలి. పక్క షెడ్డులో క్రేన్ పని తెలిసిన మనిషి ఒకడున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి, బక్కగా, కరెంటు స్తంభంలా ఉంటాడు. ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. మంచివాడే. నన్ను చూసినప్పుడల్లా ఏదో నేరం చేసినట్టు నమస్కారం పెడతాడు. నాకు చుట్టల మీద చీటీలు అంటించే పని ఇచ్చారు. నీడలో బల్ల, మెత్తటి కుర్చీ, జీతంలో తేడా లేదు. "నీకిదే సుఖం కదే" అంది అమ్మ ఫోన్‌లో. అవునన్నాను. సుఖమే.

తలెత్తకుండా పనిచేయడం అలవాటు చేసుకున్నాను. కానీ చెవులు మూసుకోలేను కదా. దూలం కదిలిన చప్పుడును బట్టి ఆ బక్కమనిషి ఎక్కడ బ్రేకు వేస్తున్నాడో తెలిసిపోతుంది. కాస్త ముందే వేస్తాడు. చుట్ట ఊగుతుంది. ఊగినదాన్ని వెనక్కి లాగుతాడు. నా చేతులు బల్ల కింద లేని లీవర్లను తోస్తుంటాయి. ఒకరోజు ఉండబట్టలేక టీ దగ్గర చెప్పేశాను, ఎదురెళ్లొద్దు, దాని వెంట వెళ్లండి అని. మర్నాటికల్లా ఆయనకు కుదిరిపోయింది. పైనుంచి సన్నగా ఈల వినబడింది. మంచివాడని చెప్పాను కదా.

ఇంటి దగ్గర మా ఆయన నన్ను మోయడం మానేశాడు. నేను మానమనలేదు. ఆ సాయంత్రం మెట్ల దగ్గరికొచ్చాక వంగబోయి, నా మొహం చూసి, ఆగిపోయాడు. నేను కమ్మీ పట్టుకుని ఎక్కడం మొదలెట్టాను. ఆయన రెండు మెట్ల వెనక, చేతులు వీపు వెనక కట్టుకుని వస్తాడు. స్కూలు తనిఖీకి వచ్చిన అధికారిలాగా. నేను కాస్త తూలితే చాలు, ఆ చేతులు విడిపోతాయి. మళ్లీ బలవంతంగా కట్టేసుకుంటాడు. ఒకరోజు రెండో అంతస్తు పిన్నిగారు నన్ను పక్కకు పిలిచి, గుసగుసగా అడిగారు.

"ఏమ్మా, మీ ఇద్దరికీ మాటల్లేవా?"

"అయ్యో, అదేం లేదండీ."

"మరేంటే, అతను నీ వెనక అలా దొంగను తోలుకొస్తున్న పోలీసులా వస్తున్నాడు? ఏదైనా ఉంటే చెప్పు. నేను మాట్లాడతాను."

నాకు నవ్వొచ్చింది. పైకి వెళ్లి ఆయనకు చెబితే ఆయనకూ వచ్చింది. మేం ఇప్పటికీ నవ్వుకుంటూనే ఉన్నాం. ఆయన టీ పెట్టి తెస్తే నాకు ఇప్పటికీ లోకం బాగున్నట్టే ఉంటుంది. ఈ ఇంట్లో ఏ మూల చూసినా నాకు సంతోషమే. ఏ సంతోషానికి ఆ కుర్చీ పోయిందో కూడా తెలుసు. రెండూ ఒకేచోట ఉంటే ఏం చేయాలో మాత్రం తెలియడం లేదు. ఆయన్ని తప్పు పట్టాలంటే ముందు ఆ తీయటి రోజులన్నిటినీ తప్పు పట్టాలి. అది నాకు చేతకాదు.

నిన్న ఆదివారం. ఆయన నేల మీద కూర్చుని తన పట్టీకి తెగిన కుట్లు మళ్లీ వేసుకుంటున్నాడు. నేను మంచం మీద కాలిపర్ తోలుకు నూనె రాస్తున్నాను. ఎండ కిటికీలోంచి వచ్చి ఇద్దరి మధ్యా పడింది. ఇంత బాగున్నప్పుడే అడగాలనుకున్నాడో ఏమో, తలెత్తకుండానే అడిగాడు.

"నేను రాకపోతే ఎక్కేసేదానివా?"

ఆ ప్రశ్న ఇద్దరి నాలుక చివరా అన్ని రోజులుగా ఉంది. అవునంటే ఆయన చచ్చిపోతాడు. కాదంటే నేను అబద్ధమాడినట్టు. అబద్ధమో నిజమో కూడా నాకు తెలియదు.

"తెలీదు" అన్నాను.

"నిజం చెప్పు. తిట్టు కావాలంటే. నువ్వు తిట్టకపోతే నాకు అన్నం సహించట్లేదు."

"నిజంగానే తెలీదు. ఇంకో రెండు మెట్లు లాక్కునేదాన్నేమో. లాక్కోలేకపోయేదాన్నేమో. నా చేతులు ఎలా ఉన్నాయో నువ్వే చూశావుగా." ఆ తర్వాత, ఎవరికీ చెప్పకూడదనుకున్న మాట చెప్పేశాను. "నువ్వొచ్చి పట్టుకున్నావు చూడు, ఆ క్షణంలో నాకు కోపం రాలేదు. సంతోషమేసింది. హమ్మయ్య అనిపించింది. అదే నన్ను తినేస్తోంది."

ఆయన సూది పక్కన పెట్టాడు. నా దగ్గరికి రాబోయి, రాకుండా, అక్కడే కూర్చున్నాడు. అక్కణ్ణుంచే అడిగాడు.

"మళ్లీ ఎప్పుడు పెడతారు పరీక్ష?"

"ఆ కుర్చీలో ఉన్నాయన మానేస్తే. ఎందుకు మానేస్తాడు? జలుబు కూడా రాదు ఆ మనిషికి."

"పెళ్లయిందా?"

"లేదు."

"అయితే మంచి పిల్లను చూసి పెళ్లి చేసేద్దాం. బాగా ముద్దు చేసే పిల్లను. రెండు నెలల్లో దిగిపోతాడు."

ఇద్దరం పడీ పడీ నవ్వాం. కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాం. ముందు ఆపింది నేనే.